లెక్కపెట్టి ఇచ్చిన రాయి

ఆ రాయి మా ఇంటికి మూత ఉన్న తెల్ల బకెట్లో వచ్చింది. ఆ రోజు లిఫ్టు పనిచేయడం లేదు. నా స్నేహితుడు బకెట్టును రెండు చేతులా పట్టుకుని మూడంతస్తులు ఎక్కి, మా హాల్లో దించి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి నిలబడ్డాడు. వెనకాలే ఆరేళ్ళ వాళ్ళ పాప, చేతిలో నాలుగు మడతల కాగితంతో. లిఫ్టు గురించి అపార్ట్‌మెంటు సెక్రటరీకి అప్పటికే నాలుగు ఉత్తరాలు రాశాను. ఆ సంగతి చెప్పబోతే స్నేహితుడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"నీ కంప్లైంట్లు తర్వాత చెప్పు భాయ్. ముందుగాల రాయిని నీళ్ళల్ల పెట్టు."

ఆ మాట గుర్తు పెట్టుకున్నాను. నేను అన్నీ గుర్తు పెట్టుకుంటాను.

పంజాగుట్టలో మా ఫ్లాటులో నాలుగడుగుల గాజు తొట్టి ఉండేది. అందులో ఉన్నది మంచినీళ్ళూ రంగు చేపలూ కాదు. సముద్రపు ఉప్పు కలిపిన నీళ్ళు, సముద్రం నుంచి వచ్చిన రాళ్ళు, ఆ రాళ్ళను అంటుకుని బతికే పగడపు జాతి జీవులు. పైన నీలం కలిసిన తెల్లటి దీపాలు. ఇంటికి వచ్చినవాళ్ళు చెప్పులు విప్పడం కూడా మరిచి చూసేవాళ్ళు. మా సెక్రటరీ మాత్రం కింది ఫ్లాటు గోడ చెమ్మగిల్లినప్పుడల్లా "ఆ చేపలాయన ఇంట్లోంచే" అనేవాడు. చెమ్మ వాళ్ళ సొంత బాత్‌రూము పైపుదని తేలాక కూడా తన మాట వెనక్కి తీసుకోలేదు.

ఈ పిచ్చి నాకూ నా స్నేహితుడికీ ఒకేసారి పట్టింది. సాఫ్ట్‌వేర్ కోర్సుల కోసం అమీర్‌పేట్ వచ్చి, ఆరుగురుండే హాస్టల్ గదిలో మంచం పక్కన మంచం వేసుకున్నవాళ్ళం. నాది తెనాలి వైపు, అతనిది నల్గొండ వైపు. ఆదివారం మధ్యాహ్నం కరెంటు పోతే పంజాగుట్ట సందులో ఉన్న చేపల దుకాణానికి నడిచిపోయి నిలబడేవాళ్ళం. అక్కడ జనరేటర్ ఉండేది, ఏసీ ఉండేది, చూసినందుకు ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. ఉద్యోగాలొస్తే చెరొక సముద్రం పెట్టుకుందాం అనుకున్నాం. అతనికి హైటెక్ సిటీలో ఉద్యోగం వచ్చింది. నేను నేర్చుకున్న చోటే ఉండిపోయి, నా తర్వాత వచ్చినవాళ్ళకు టెస్టింగ్ చెప్పడం మొదలుపెట్టాను. ఇంకొకరు రాసిన ప్రోగ్రాములో తప్పులు వెతికి, రాసి, వాళ్ళకే పంపే పని అది. ఆ పనికే నేను పుట్టానని మా ఆవిడ అంటుంది. అది పొగడ్తో కాదో ఇప్పటికీ తేల్చుకోలేదు.

అతని మీద నాకు పాత కోపం ఒకటుంది. పాప మొదటి పుట్టినరోజున నన్ను తన ఆఫీసువాళ్ళకు పరిచయం చేస్తూ అన్నాడు: "మావోడు అమీర్‌పేట్‌ల టెస్టింగ్ చెప్తడు. చేసేటోడు చెప్పడు, చెప్పేటోడు చేయడు గదా!" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి పొడుగు నోటుబుక్కులో రాసుకున్నాను. ఆ పుస్తకంలో ముందు వైపు నుంచి తొట్టి విషయాలు రాస్తాను: నీళ్ళ ఉప్పదనం, వేడి, ఏ జీవి ఎలా ఉంది. వెనక వైపు నుంచి ఇలాంటివి. ఐదేళ్ళయినా ఆ వాక్యం అక్కడే ఉంది.

ఇప్పుడు అతన్ని కంపెనీ ఎనిమిది నెలల ప్రాజెక్టు మీద చెన్నై పంపుతోంది. ఫ్లాటు ఖాళీ చేసి కుటుంబంతో వెళుతున్నాడు. తొట్టి ఎవరికో ఇచ్చేశాడు. ఈ ఒక్క రాయిని మాత్రం పాప ఇవ్వనివ్వలేదు. అరచేతిలో పట్టేంత రాయి. దాని నిండా చొక్కా గుండీలంత పువ్వులు, గోధుమరంగు అంచులతో, నడుమ పచ్చగా. పువ్వులంటాం గానీ అవి జంతువులే. వెలుగు పడితే విచ్చుకుంటాయి, తాకితే ముడుచుకుంటాయి.

పాప కాగితం విప్పింది. రాయి బొమ్మ గీసి, దాని మీద చిన్న చిన్న సున్నాలు చుట్టి, ఒక్కోదానికీ నంబరు వేసి ఉంది.

"లెక్కపెట్టి ఇస్తున్న అంకుల్. నలభై మూడు. మేం వచ్చినంక మళ్ళ లెక్కపెట్టి తీస్కుంట. ఈడ సంతకం పెట్టు."

"అంకుల్‌ని నమ్మవా బిడ్డా?" అన్నాడు వాళ్ళ నాన్న.

"నమ్మిన. సంతకం పెట్టు."

నాకు ఎవరూ ఏ వస్తువునూ ఇంత పద్ధతిగా అప్పగించలేదు. సంతకం పెట్టి, కింద తేదీ కూడా వేశాను. ఆ పిల్ల నా సంతకాన్ని కాసేపు చూసి కాగితాన్ని పాత మడతల మీదే మళ్ళీ మడిచింది. ఆ మడిచే తీరు నాకు తెలిసిందే. ఇది మరిచిపోయే రకం కాదు.

స్నేహితుడు గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ అన్నాడు: "గ్లవ్స్ లేకుండ ముట్టకు, వాటికి విషం ఉంటది. అసలు ముట్టనే ముట్టకు. రాయిని పెట్టినంక నీ చేతులు జేబుల పెట్టుకో, సమజైందా?"

తొట్టి నడపడం నాకు కొత్తయినట్టు. అదీ రాసుకున్నాను.

మొదటి మూడు రోజులు సగం పువ్వులు ముడుచుకునే ఉన్నాయి. నాలుగో రోజు పొద్దున, దీపాలు వెలగకముందే టార్చి వేసి చూస్తే, ఒక పువ్వు మీద తెల్లగా ఏదో అంటుకుని ఉంది. భూతద్దం తెచ్చాను. నక్షత్ర చేప. గుండీలో సగం కూడా లేదు. ఒక పక్క మూడు పొడుగు కాళ్ళు, ఇంకో పక్క రెండు పొట్టివి, ఎవరో విరిచి తప్పుగా అతికించినట్టు. ఈ జాతి తనను తానే రెండుగా చీల్చుకుంటుంది. ఒక్కో సగానికీ పోయిన కాళ్ళు మళ్ళీ మొలుస్తాయి. టికెట్టు లేకుండా రాయి పట్టుకుని వచ్చే ప్రయాణికులు ఇవి. ఒకటి వచ్చిందంటే నెలలో ముప్పై అవుతాయి.

వెంటనే చెన్నైకి ఫోన్ చేశాను.

"నీ రాయి మీద నక్షత్ర చేపలున్నాయిరా."

"అవా? మా తొట్టిల సుత ఉండె. ఏం చెయ్యవు. గాజు మీద పాచి తిని బతుకుతయి."

"ఉన్నాయని తెలిసే ఇచ్చావా?"

"అరె, తెలుసుడేంది, చుక్కలు గవి! మా పాప వాటిని లెక్కపెడ్తది రోజు."

"పువ్వు మీద కూర్చుంది. ముడుచుకుపోయింది పువ్వు. చెప్పకుండా ఇచ్చావు నువ్వు."

"నువ్వు జర ఫికర్ తగ్గించుకో భాయ్. నాకు మీటింగ్ ఉంది," అని పెట్టేశాడు.

మీటింగ్ ఉన్నవాడికి, పొద్దున ఏడింటి బ్యాచ్ ఉన్నవాడి బాధ ఏం తెలుస్తుంది? ఆ రోజు నుంచి కేసు నేనే చేపట్టాను. అమీర్‌పేట్‌లో పిల్లలకు నేర్పే పద్ధతే. తప్పుకు ఒక నంబరు, ఎక్కడ కనిపించింది, ఎంత తీవ్రమైంది, ఎవరి బాధ్యత. బాధ్యత అన్న గడిలో స్నేహితుడి పేరు రాశాను. రోజూ పొద్దున ఐదున్నరకు లేచి, రబ్బరు గ్లవ్స్ తొడుక్కుని, రాయిని తొట్టిలోంచి తీసి, సముద్రపు నీళ్ళున్న టబ్బులో పెట్టి, అన్ని వైపులా తిప్పి చూసేవాణ్ణి. కనిపించిన నక్షత్ర చేపను చిన్న పట్టకారుతో పట్టి తీసేవాణ్ణి. సందుల్లో గుడ్లుంటాయేమోనని పాత టూత్‌బ్రష్షుతో మెల్లగా రుద్దేవాణ్ణి. మళ్ళీ లోపల పెట్టి, తెరుచుకున్న పువ్వులెన్నో సాయంత్రం లెక్కపెట్టి రాసేవాణ్ణి. పరీక్ష అంటే అంతే. రోజూ చేయాలి.

పట్టినవాటిని చంపలేదు. పచ్చడి సీసాలో సముద్రపు నీళ్ళు పోసి వంటింటి కిటికీలో పెట్టాను. అవి సాక్ష్యం. అతను తిరిగి వచ్చాక చూపించాలి. సాక్ష్యం చచ్చిపోతే విలువ ఉండదని రోజు విడిచి రోజు నీళ్ళు మార్చేవాణ్ణి, పాచిపట్టిన గులకరాయి ఒకటి వేసేవాణ్ణి.

"మామిడికాయ పచ్చడి పెట్టుకుందామని కడిగి ఆరబెట్టిన సీసా అండీ అది," అంది మా ఆవిడ.

"కేసు అయిపోగానే ఇచ్చేస్తాను."

"మీ కేసులు ఏనాడన్నా అయిపోయాయా?"

పువ్వులు తగ్గుతూ వచ్చాయి. ముప్పై ఐదు. ముప్పై. ఇరవై నాలుగు. కొన్ని ముడుచుకుని తెరుచుకోవడం మానేశాయి. కొన్ని కరిగి, అవి ఉన్నచోట బూడిదరంగు మచ్చ మిగిలింది. సీసాలో మాత్రం నక్షత్ర చేపలు పెరిగాయి. సంఖ్య తగ్గినప్పుడల్లా నా కోపం పెరిగేది గానీ, కోపం కింద ఇంకొకటి ఉండేది. నా సంతకం ఉన్న ఆ కాగితం చెన్నైలో ఎక్కడో నాలుగు మడతల్లో ఉంది. ఎనిమిది నెలల తర్వాత ఆ పిల్ల వచ్చి లెక్కపెడుతుంది. తక్కువ పడితే ఏడవదు. గుర్తు పెట్టుకుంటుంది. ఇరవై ఏళ్ళ తర్వాత కూడా "ఒక అంకుల్‌కి ఇచ్చాను" అని ఎవరికో చెబుతుంది. ఎదుటివాళ్ళ తప్పులు రాసుకుంటూ బతికినవాణ్ణి. ఇంకొకరి పుస్తకంలో నేను ఎక్కడం ఎలా ఉంటుందో అంతవరకూ ఆలోచించలేదు.

పంజాగుట్ట సందులోని దుకాణాయన దగ్గరికి వెళ్ళాను. హాస్టల్ రోజుల్లో మమ్మల్ని ఊరికే నిలబడనిచ్చిన మనిషే.

"ఒక రొయ్య ఉంటది సార్. బొంబాయి నుంచి తెప్పిస్త. మస్తు అందంగుంటది. చుక్కచేపలు తప్ప ఏం తినదు. నెల రోజుల్ల సాఫ్."

"అవి అయిపోయాక ఏం తింటుంది?"

"ఏం తింటది సార్? ఆకలికి సచ్చిపోతది," అన్నాడు, ఇది కూడా అడగాలా అన్నట్టు.

ఆలోచించుకుని చెబుతానని వచ్చేశాను. ప్రాజెక్టు అయిపోగానే కంపెనీ తీసేసిన కుర్రాళ్ళు నా బ్యాచుల్లో చాలామంది ఉన్నారు. పని ముగియగానే చావాల్సిన జీవిని ఆ పని కోసమే ఇంటికి తెచ్చుకోవడం నాకు మింగుడుపడలేదు. ఆ రొయ్య వద్దనుకున్నాను. బ్రష్షు ఇంకాస్త శ్రద్ధగా వాడాలనుకున్నాను.

ఆ ఏడాది వానలు తగ్గాక ఊరంతా చికున్‌గున్యా. హాస్టళ్ళలో పిల్లలు గోడలు పట్టుకుని నడిచారు. ఇన్‌స్టిట్యూట్లో నా బ్యాచు సగమైంది, తర్వాత నేనే పడ్డాను. జ్వరం నాలుగు రోజుల్లో పోయింది గానీ వేళ్ళు ముడుచుకోవు. గ్లాసు పట్టుకోలేను. పట్టకారు సంగతి సరే, పెన్ను కూడా పట్టుకోలేను. తొట్టి ఎదురుగా కుర్చీ వేయించుకుని, దుప్పటి కప్పుకుని కూర్చున్నాను. రాయి మీద తెరుచుకున్న పువ్వులు ఇరవైకి దిగాయి.

"నోటుబుక్కు తే. నేను చెబుతాను, నువ్వు రాయి," అన్నాను మా ఆవిడతో.

ఆమె పుస్తకాన్ని తిరగేసి పట్టుకుంది. వెనక వైపు తెరుచుకుంది. కాసేపు చదివింది.

"నా పేజీ ఎక్కడండీ?"

"ముందు వైపు తిప్పు."

"చెప్పండి, ఎక్కడ?"

"పదకొండు. పదకొండూ, పన్నెండూ."

ఆమె ఆ రెండు పేజీలూ నిలబడే చదివింది. నేను తొట్టి వైపు చూస్తూ ఉన్నాను.

"ఇది అన్నాను, నిజమే," అంది చివరికి. "ఇది మాత్రం మీ అక్కయ్యగారన్నది. నా ఖాతాలో రాశారు." పెన్ను తీసి అది కొట్టేసి, పుస్తకాన్ని ముందు వైపుకు తిప్పింది. "ఊఁ, చెప్పండి. ఎన్ని తెరుచుకున్నాయి?"

అలా పదకొండు రోజులు రాసింది. నా గడుల పద్ధతి ఆమెకు నచ్చలేదు. తనకు తోచినట్టు రాసింది. "ఇవాళ ఆయన రాయిని ముట్టలేదు. ఇరవై ఒకటి." "ఇవాళ కూడా ముట్టలేదు. ఇరవై రెండు. రెండు నక్షత్రాలు పువ్వుల మీంచి నడిచాయి." "ముట్టలేదు. ఇరవై నాలుగు. మూల ఉన్నవి కూడా కొంచెం తెరుచుకున్నాయి."

చేయడానికి ఏమీ లేక నేను చూస్తూ కూర్చున్నాను. ఒక నక్షత్ర చేప రాయి ఎక్కింది. దాని కాలు తగిలిన పువ్వు ముడుచుకుంది. అది ఆ పువ్వు పక్కన పట్టిన పాచి మీద చాలాసేపు ఉండి, ఇంకో వైపుకు పోయింది. పావుగంటకు ఆ పువ్వు మళ్ళీ తెరుచుకుంది. మర్నాడూ అంతే. కరిగి మచ్చైపోయిన చోట మాత్రం రెండు మూడు ఆగి ఉండేవి. చచ్చినదాన్ని శుభ్రం చేస్తున్నాయి. నేను రోజూ పొద్దున టార్చి వేసి చూసింది సరిగ్గా అదే. శవం దగ్గర కనిపించినవాణ్ణి హంతకుడన్నాను.

పదకొండో రోజు పుస్తకం ఒళ్ళో పెట్టించుకుని పేజీలు వెనక్కి తిప్పించాను. నా గుండ్రటి అక్షరాలు ఉన్నంతసేపూ సంఖ్య దిగుతూ పోయింది. మా ఆవిడ వాలు అక్షరాలు మొదలైన పేజీ నుంచి ఎక్కుతూ వచ్చింది. మధ్యలో మారింది ఒక్కటే. నక్షత్ర చేపలు తగ్గలేదు, నేను పట్టడం మానేశాక ఇంకా పెరిగాయి. ఉప్పు అదే, వెలుగు అదే. ప్రతి బ్యాచుకూ మొదటి వారం బోర్డు మీద రాసే మాట ఒకటుంది: ఒకసారికి ఒక్కటే మార్చి చూడండి. ఏమేం మారవచ్చో జాబితా రాసుకున్నప్పుడు అందులో నా పేరు వేసుకోలేదు. గ్లవ్స్ తొడుక్కుని వెలుగులోంచి తీసి, తిప్పి, రుద్ది, మళ్ళీ పెట్టే మనిషి లెక్కలోకి రాడనుకున్నాను. కొత్త ఇంటికి వచ్చిన అలసటతో మొదటి మూడు రోజులు ముడుచుకున్న వాటిని, ఆ తర్వాత రెండు నెలలు రోజూ పొద్దున్నే లేపి విచారణ చేశాను.

మా ఆవిడ పుస్తకం మూసి వంటింట్లోకి వెళ్ళింది. ఏమైనా అని ఉంటే నాకు సులువుగా ఉండేది. రాసుకునేవాణ్ణి.

వేళ్ళు కొంచెం ఒంగడం మొదలవగానే నేను చేసిన మొదటి పని పచ్చడి సీసా తెచ్చి, తొట్టి అంచున వంచి పట్టుకోవడం. నక్షత్ర చేపలన్నీ గాజు వెంట మెల్లగా జారి కిందికి దిగాయి. సీసా కడిగి మా ఆవిడకిస్తే, వాసన చూసి, "ఇంక ఇందులో పచ్చడెవరు పెడతారండీ," అని దాన్ని అటక మీద పెట్టింది.

స్నేహితుడికి ఫోన్ చేయలేదు. చేయాలని రెండుసార్లు అనుకున్నాను. "చేతులు జేబుల పెట్టుకో" అన్న మాట నా పుస్తకంలో అవమానంగా ఎక్కి ఉంది. అది సలహా అని ఒప్పుకోవాలంటే ఫోన్లో కుదరదనుకున్నాను. నిజం చెప్పాలంటే ఎదురుగానైనా కుదురుతుందన్న నమ్మకం లేదు.

వాళ్ళు తిరిగి వచ్చిన వారానికి, ఒక ఆదివారం ఉదయం వచ్చారు. లిఫ్టు పనిచేస్తోంది. పాప ఒక అంగుళం పొడుగైంది, ముందు పన్ను ఊడింది. లోపలికొస్తూనే తొట్టి గాజుకు ముక్కు ఆనించింది.

"చుక్కలున్నయి డాడీ! మస్తున్నయి!"

అప్పటికి ఆ రాయి మీద ఎన్ని ఉన్నాయో నాకు కంఠతా వచ్చు. పాప జేబులోంచి కాగితం తీసి, మడతలు విప్పి, నా సంతకం ఉన్న వైపు పైకి పెట్టి, వేలితో గాజు మీద ఒక్కోటీ లెక్కపెట్టింది. మధ్యలో తప్పిపోయి మళ్ళీ మొదలుపెట్టింది. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడింది, చేతిలో గరిటెతో.

"ముప్పై ఒకటే ఉన్నయి," అంది. "పన్నెండు తక్కువున్నయి అంకుల్."

స్నేహితుడు నా మొహం చూశాడు. అతను ఏదైనా అంటాడని ఎదురు చూశాను. ఎనిమిది నెలలుగా నేను తయారై ఉన్నది దానికే. కానీ అతను పాప తల మీద చెయ్యి వేసి అన్నాడు: "చుక్కలు తిన్నయేమో బిడ్డా. గన్ని చుక్కలున్నయి గదా, ఆకలైతది వాటికి."

ఆ మాట నా కోసం అన్నాడు. తలుపు తెరిచి పట్టుకున్నట్టు అన్నాడు. ఊఁ అంటే చాలు, నేను బయటపడేవాణ్ణి. పాప గాజు మీదున్న నక్షత్ర చేపల వైపు తిరిగింది. దాని కనుబొమలు ముడుచుకుంటున్నాయి. ఆ ముడి నాకు తెలుసు. ఇంకొక్క క్షణం ఆగితే అవి దాని పుస్తకంలోకి ఎక్కేవి, చేయని తప్పుకి. చెమ్మగిల్లిన గోడ గుర్తొచ్చింది నాకు.

"అవి తినలేదమ్మా," అన్నాను. "నేనే. రోజూ రాయిని బయటికి తీసి బ్రష్షుతో రుద్దాను. మీ నాన్న ముట్టొద్దన్నాడు. నేనే వినలేదు."

పాప గాజు మీంచి వేలు తీసి నా వైపు తిరిగింది.

"బ్రష్‌తోనా?" అంది పాప. "పండ్లు తోమే బ్రష్‌తోనా?"

"పాతది."

స్నేహితుడు నవ్వు ఆపుకోలేక తల పక్కకి తిప్పుకున్నాడు. "ఎనిమిది నెలలు సముద్రానికి పండ్లు తోమినవారా నువ్వు!"

"రెండు నెలలు," అన్నాను. అది ఎనిమిది కాదు. ఆ విషయంలో మాత్రం తగ్గలేదు.

పాప నవ్వలేదు. పెన్సిల్ అడిగింది. మా ఆవిడ ఇచ్చింది. టీపాయ్ మీద కాగితం పెట్టుకుని, నలభై మూడు కింద ముప్పై ఒకటి వేసి, నా సంతకం పక్కన ఏదో రాయడం మొదలుపెట్టింది. ఒత్తులు రాకపోతే వాళ్ళ నాన్నని అడిగింది. నేను చదవకుండా చెయ్యి అడ్డం పెట్టుకుంది. అలా దాచుకుని రాయడం దాని హక్కు.

"సరే గానీ, రాయిని తీస్కపోదామా?" అన్నాడు వాళ్ళ నాన్న. "కొత్త ఫ్లాటుల తొట్టి పెడ్దామంటివి గదా."

"ఇప్పుడొద్దు," అంది, రాస్తూనే. "నలభై మూడైనంక తీస్కపోత. అప్పటిదాంక అంకుల్ దగ్గర్నే ఉంటది." తల ఎత్తి నన్ను చూసింది. "ముట్టకు."

"ముట్టను."

కాగితాన్ని పాత మడతల మీదే మడిచి గౌను జేబులో పెట్టుకుంది. తర్వాత తొట్టి దగ్గరికి పోయి నక్షత్ర చేపల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నేను దాని వెనకాల నిలబడి చూశాను. రెండు చేతులూ జేబుల్లో ఉన్నాయి.